సూరమ్మత్తకు పెట్టిన చీరలు

అప్పన్న బావ దినాలకి మొన్న శ్రీకాకుళం వెళ్ళొచ్చాను. బర్మా నుంచి తిరిగొచ్చిన వాళ్ళకి అప్పట్లో ప్రభుత్వం ఇచ్చిన కాలనీలోనే ఆయన ఆఖరిదాకా ఉన్నాడు. ఆనాటి రేకుల ఇళ్ళ చోట ఇప్పుడన్నీ డాబాలే. వంట క్యాటరింగు వాళ్ళది, భోజనాలు బల్లల మీద, బావ ఫొటో చుట్టూ మిణుకుమిణుకుమనే రంగు లైట్లు. పెద్దలకి బట్టలు పెట్టే వేళకి మాత్రం అంతా పాత పద్ధతే. బావ కొడుకు తడిబట్టలతో కూచుని, గుగ్గిలం పొగలో ఒక్కొక్క పేరే పిలిచాడు. దాలినాయుడు తాత. పైడమ్మ నాన్నమ్మ. సూరమ్మ పెద్ద నాన్నమ్మ. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి మాలో ముసలివాళ్ళమందరం ఏడుస్తూనే నవ్వేశాం. బావ మనవరాలు, ఇంజనీరింగు చదువుతున్న పిల్ల, నా భుజం మీద చెయ్యి వేసి, "ఆవిడ పేరు పిలిస్తే ఎందుకు నవ్వేరు అమ్మమ్మా?" అని అడిగింది. నా బస్సుకి వేళయిపోయింది, పిల్లకి సరిగ్గా చెప్పలేకపోయాను. విశాఖపట్నం చేరేదాకా దారంతా అదే తలపు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ ఉదయం గుర్తొస్తే నాకు నవ్వు కంటే ముందు ఒళ్ళు జలదరిస్తుంది.

సూరమ్మత్త మా నాన్నకి చెల్లెలు. మాది కోటబొమ్మాళి స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో వరి పండించే ఊరు. రైలు కూత విని అన్నం వార్చుకునేవాళ్ళం. వర్షాకాలమంతా మా ఇల్లు తడిసిన తాటాకు వాసన, ఉడకబెట్టిన వడ్ల వాసన, మామ్మ చుట్ట వాసన కలిపి వేసేది. మామ్మ, అంటే మా నాన్నమ్మ, మా వైపు ముసలమ్మలందరిలాగే చుట్టని అడ్డపొగ కాల్చేది. నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాల మధ్య నుంచి పొగ వదులుతూ, అలాగే అందరినీ తిట్టగలిగేది. చిన్నప్పుడు నాకది గొప్ప విద్యలా కనిపించేది. ఇంటి పని మాత్రం అత్తది. నేను నిద్ర లేచే వేళకి ఆవిడ నూతి దగ్గర స్నానం చేసి, కళ్ళాపి చల్లి, చోడి అంబలి కాచి, అద్దం ముక్క ముందు కూచుని ఉండేది. నుదుటి మీద ముందు మైనం అద్దేది, దాని మీద కుంకుమ. రూపాయి కాసంత బొట్టు. ఒక పక్క కాస్త వంకరపోతే తుడిచేసి మళ్ళీ పెట్టుకునేది. ఇంట్లో ఎంత పని ఉన్నా ఆ కాసేపూ ఎవరూ ఆవిణ్ణి పిలిచేవారు కాదు. ఆ తర్వాత పెరట్లోకి వచ్చి, పొద్దు వైపు తిరిగి, "సూరీడు బాబూ, ఆయన ఎక్కడున్నా సల్లగ సూడు" అనేది.

ఆయనంటే దాలినాయుడు మావయ్య. పెళ్ళయిన కొత్తలోనే కళింగపట్నం రేవులో ఓడెక్కి రంగం వెళ్ళాడు. రంగూన్ని మా వాళ్ళు రంగం అనేవారు. అక్కడి బియ్యం మిల్లులో పని చేసుకుని, నాలుగు డబ్బులు వెనకేసుకుని వచ్చేస్తానన్నాడట. అంతలో యుద్ధం. రంగం మీద బాంబులు పడ్డాయి. మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కొందరు అడవుల్లో పడి నడిచి, ఎముకల గూళ్ళై ఇళ్ళకి చేరారు. మావయ్య రాలేదు. ఆయన చచ్చిపోగా చూసినవాళ్ళు లేరు. బతికుండగా చూసినవాళ్ళూ లేరు. అత్తకి అప్పటికి పిల్లలు లేరు. అత్తమామలు పోయేదాకా వాళ్ళకి చేసి, ఆ ఇంట్లో ఇంకెవరూ మిగలకపోతే మా నాన్న వెళ్ళి తీసుకొచ్చాడు. నేను పుట్టేటప్పటికే ఆవిడ మా ఇంట్లో ఉంది. నాకు ఊహ తెలిసేసరికి, మావయ్య అంటే ఏ రోజైనా రాగల మనిషి.

మహాలయ అమావాస్యకి మా ఇళ్ళలో పెద్దలకి బట్టలు పెట్టేవారు. పోయినవాళ్ళకి ఆ రోజు ఆకలి వేస్తుందని, ఇంటివైపు చూస్తారని మామ్మ చెప్పేది. కొత్త బట్టల అంచులకి పసుపు రాసి, సావిడి మూల పీట మీద పెట్టి, ముందర ఆకులు వేసి గారెలూ, పరమాన్నం, గుమ్మడికాయ పులుసూ వడ్డించేవారు. నాన్న నిప్పుల మీద గుగ్గిలం వేసి ఒక్కొక్కరి పేరూ పైకి పిలిచి, రమ్మని, తినమని చెప్పేవాడు. తర్వాత ఆ బట్టలు ఇంట్లోవాళ్ళం కట్టుకునేవాళ్ళం. తాతయ్య పేరున పెట్టిన పంచె నాన్న కట్టుకుంటే, ఆ పూట నాన్న నడక కూడా కొంచెం తాతయ్య నడకలా ఉందని మామ్మ మురిసిపోయేది. ముత్తయిదువుగా పోయిన ఆడవాళ్ళని పేరంటాళ్ళనేవారు. వాళ్ళకి చీరతో పాటు పసుపూ, కుంకుమా, గాజులూ పెట్టేవారు. వంటంతా అత్తే చేసేది. పేర్లు పిలిచే వేళకి మాత్రం గుమ్మంలో నిలబడేది, తడి చేతులతో, కదలకుండా. భక్తి అనుకునేదాన్ని. అది కాపలా అని తర్వాత తెలిసింది. ఎవరైనా నోరు జారి మావయ్య పేరు పిలుస్తారేమోనని అక్కడ నిలబడేది.

నాకు పదకొండో పన్నెండో ఏళ్ళున్నప్పటి సంగతి ఇది. బర్మాలో మనవాళ్ళని ఉండనివ్వడం లేదని ఓడల నిండా జనం తిరిగి వచ్చేస్తున్న కాలం. మొదట్లో వచ్చినవాళ్ళని నాన్న వెతుక్కుంటూ వెళ్ళి అడిగి వచ్చాడు. దాలినాయుడు అన్న పేరు వాళ్ళలో ఎవరికీ తెలియలేదు. మామ్మ ఆ యేడు మంచం పట్టి లేచింది. తను పోయేలోగా అల్లుడి సంగతి తేల్చెయ్యాలని ఆవిడకి బెంగ. అల్లుడికి అత్తవారింట్లో బట్టలు పెట్టడం ఆనవాయితీ కాదు, కానీ అటువైపు పెట్టేవాళ్ళెవరున్నారు? అమావాస్య ముందు రోజు నాన్న చేత కోటబొమ్మాళి సంతలో ఒక పంచె ఎక్కువ తెప్పించింది. సాయంత్రం అత్త బట్టల మూట విప్పి పంచెలు చూసింది. చూడగానే ఆవిడకి అర్థమైపోయింది.

"ఇది ఎవులికి?" అంది.

మామ్మ మంచం మీంచే అంది. "ఒలే సూరమ్మా, ఆడు బతికుంటే ఈపాటికి రాడేటి? ఓడల్లకి ఓడలు జనం వచ్చీసినారు. ఆడు నేదు. ఆ పేనం ఆకలితో ఎక్కడ తిరుగుతన్నాదో. ఒక్క పంచె ఎట్టి పేరు పిలిత్తే ఏటి పోతాదే?"

"మనిసి పోతాడు" అంది అత్త. ఆవిడ గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు. "సచ్చిపోనాడని నువ్వు సూసినావేటి? అన్నియ్య సూసినాడేటి? బతికున్న మనిసికి పెద్దల బట్టలెట్టీసి ఆయుస్సు తీసీకండి!"

పంచె తీసుకెళ్ళి వానలో వాకిట్లోకి విసిరేసింది. బురదలో పడ్డ ఆ తెల్లటి బట్టని చూసి మామ్మ ఏడుపు మొదలుపెట్టింది. మా అమ్మ గబగబా వెళ్ళి తీసి, ఉతికి, వంటింట్లో పొయ్యి పక్కన ఆరేసింది.

మర్నాడు తెరిపిచ్చింది. నాన్న స్నానానికి వెళ్ళాడు, అమ్మ పొయ్యి దగ్గరుంది, అత్త వెనకటి రోజు కోపం మొహంలో అలాగే పెట్టుకుని పంచలో రుబ్బురోట్లో గారెల పిండి రుబ్బుతోంది. పప్పులో నీళ్ళు చిలకరిస్తూ నేను పక్కన కూచున్నాను. మోకాళ్ళదాకా బురదతో, పూలపూల లుంగీ కట్టుకుని, చంకలో గుడ్డమూటతో ఒక కుర్రాడు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. పదిహేడో పద్దెనిమిదో ఏళ్ళుంటాయేమో.

"మల్లినాయుడుగారిల్లు ఇదేనామ్మా?" అని అడిగాడు. మల్లినాయుడు మా తాతయ్య పేరు.

"ఆయన పోయి శానా కాలమయ్యింది బాబూ. ఎవులు కావాల?" అంది అత్త.

"మా అయ్య అత్తోరిల్లు ఇదని సెప్పేరు. నాను దాలినాయుడు కొడుకుని. రంగం నుంచి వచ్చేం."

అత్త చేతిలో పొత్రం ఆగింది. నాకు అప్పుడు కూడా తెలివిలేదు. మావయ్య వచ్చేశాడనుకుని లేచి నిలబడి, ఆ కుర్రాడి వెనక ఎవరైనా ఉన్నారేమోనని వీధిలోకి చూశాను. అతను తల తుడుచుకుంటూ, మర్యాదగా, ముందే నేర్చుకుని వచ్చిన మాటల్లా చెప్పుకుపోతున్నాడు. "మా పెద్దమ్మకి సీర ఎట్టడానికొచ్చినాను. యేడాదికోసారి అక్కడ మా ఇంట్లోనే ఎట్టీవోలం. ఎప్పుడైనా దేశం ఎల్తే ఆవిడ పుట్టింట్లో ఎట్టాలని మా అయ్య సెప్పీవోడు. మీరు ఒప్పుకుంటే ఎట్టీసి ఎల్లిపోతాను."

"ఏ పెద్దమ్మ?" అంది అత్త.

"సూరమ్మ పెద్దమ్మ. మా అయ్య మొదటి పెల్లాం. నాను పుట్టకముందే పోయింది. కలరా వచ్చిన యేడు."

సావిడిలో మంచం మీద మామ్మ నోట్లోంచి చుట్ట జారి ఒళ్ళో పడింది. చీర కాలిన వాసన ఇప్పటికీ నాకు తెలుస్తుంది. ఆవిడ దాన్ని దులుపుకోవడం కూడా మర్చిపోయింది. నాన్న నూతి దగ్గర నుంచి తడి పంచెతో వచ్చి, "ఎవుల్రా నువ్వు?" అని అరుస్తున్నాడు. అత్త మాత్రం రోటి ముందు నుంచి లేవలేదు. పిండి అంటిన చెయ్యి అలాగే గాల్లో పట్టుకుని, నెమ్మదిగా, ఎవరో పొరుగింటామె పేరు చెప్పినట్టుగా చెప్పింది.

"నానే సూరమ్మని."

కుర్రాడు ఆవిడ మొహంలోకి చూశాడు. ఆ బొట్టు చూశాడు. రెండడుగులు వెనక్కి వేసి, బురదలో కాలు జారి కూలబడ్డాడు. చంకలో మూట దొర్లిపోయింది. లేవడానికి ప్రయత్నం చెయ్యలేదు, రెండు చేతులూ జోడించాడు. అమావాస్య నాడు పెద్దలు ఇంటికి వస్తారని అతనికీ చిన్నప్పటి నుంచీ చెప్పే ఉంటారు. వచ్చి ఇలా రుబ్బురోటి ముందు కూచుంటారని మాత్రం చెప్పి ఉండరు.

"మీ అయ్యేడీ?" అంది అత్త.

ఎగతాళి కాదు, తెలివితక్కువ కాదు. పోయినవాళ్ళకి పోయినవాళ్ళ సంగతి తెలిసి ఉంటుందని నమ్మి, నిజంగా ఆశ్చర్యపోయి అన్నాడు.

"నీకు తెల్దా పెద్దమ్మా? నీ కాడికే వచ్చినాడు గదా. సూరమ్మ కాడికి ఎల్తన్నానని సెప్పే కళ్ళు మూసినాడు."

అత్త తల వంచుకుని మళ్ళీ రుబ్బడం మొదలుపెట్టింది. మా అమ్మ వచ్చి పొత్రం పట్టుకోబోతే మోచేత్తో తోసేసింది. నాన్న గుంజకి ఆనుకుని నిలబడిపోయాడు. కుర్రాడు బురదలో కూచునే ఉన్నాడు. పొత్రం తిరిగే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పిండి ఎప్పుడో నలిగిపోయింది, వెన్నలాగ అయిపోయింది, అయినా ఆవిడ రుబ్బుతూనే ఉంది. నాకు భయం వేసింది. ఈ రుబ్బడం ఇంక ఆగదేమో అనిపించింది. ఆవిడే ఆపింది. తలెత్తకుండానే అడిగింది.

"ఎప్పుడు పోనాడు?"

"ఓడెక్కక ముందే. జొరం వచ్చి పోనాడు."

"తలకొరివి ఎవులెట్టేరు?"

"నానే పెద్దమ్మా."

"మంచిది" అని చేతులు కడుక్కుంది.

అతని పేరు అప్పన్న అనీ, తల్లీ తనూ కొత్తగా వచ్చి కాలనీలో ఉంటున్నారనీ తర్వాత నెమ్మదిగా తెలిసింది. కలరా వచ్చిన యేడు టెక్కలి వైపు మనిషెవరో రంగం వెళ్ళి, మీ ఊళ్ళో కలరాకి సూరమ్మ పోయిందని మావయ్యకి చెప్పాడట. మామ్మ అది విని నెత్తి కొట్టుకుంది. "మీ అత్తోరూల్లో పడమటీది సూరమ్మ గదే పోయింది! ఆ యేడే గదే!" అరసవల్లి సూర్యుడి పేరు పెట్టుకున్న ఆడపిల్లలు మా వైపు ఇంటికొకరు. ఒక సూరమ్మ పోతే, సముద్రానికి అవతల ఇంకో సూరమ్మకి పసుపూ కుంకుమా పెట్టారు.

అత్త వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి పక్కన ఆరిన పంచె తీసుకొచ్చి అప్పన్న చేతిలో పెట్టింది. "స్నానం సేసి రా. మీ అయ్యకి నువ్వే ఎట్టాల" అంది. అతను నూతి దగ్గర నీళ్ళు పోసుకుని వచ్చి పంచెకి పసుపు రాసి పీట మీద పెట్టాడు. నాన్న గుగ్గిలం వేసి మా తాతముత్తాతల పేర్లు పిలిచాడు. మావయ్య దగ్గరికి వచ్చేసరికి అప్పన్నని పిలవమని పక్కకి జరిగాడు. అప్పన్న ఏడుస్తూ "అయ్యా, అయ్యా" అంటున్నాడు. పేరు పిలవందే రారని నమ్మకం. మా ఇళ్ళలో ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనరు. అత్త నా ఎదుట ఎన్నడూ అనలేదు, ఎవరైనా అడిగితే నా చేత చెప్పించేది. ఆ రోజు గుమ్మం దిగి వచ్చి, ఆ పొగ ముందు నిలబడి, పొలంలో ఉన్న మనిషిని అన్నానికి పిలిచినట్టు గట్టిగా పిలిచింది.

"దాలినాయుడా! రా. వచ్చి తిను."

అప్పుడు ఏడ్చింది. నేలమీద కూచుని, నోరు తెరుచుకుని, పిల్లలు ఏడ్చినట్టు ఏడ్చింది. ఆ ఏడుపు వినే వీధంతా వచ్చేసింది. కబురు తెలియగానే ఆడవాళ్ళు చుట్టూ చేరి, చెయ్యాల్సిన పని చెయ్యడానికి సిద్ధపడ్డారు. ఒకామె నీళ్ళ బిందె తెచ్చింది. ఇంకొకామె గాజులు తీయడానికి అత్త చెయ్యి పట్టుకుంది. అత్త ఏడుపు ఆపి, చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏటి తీత్తారు?" అంది. "ఆయనింట్లో నాను ముత్తయిదుగానే పోనాను. ఆయనకన్నా ముందే పోనాను. పసుపూ కుంకం ఎట్టి, గాజులెట్టి, ఈల్లు యేటేటా నన్ను పూజ సేసినారు. మల్లీ ఇప్పుడు మీరేటి తీత్తారు?"

అందరూ మామ్మ వంక చూశారు. మామ్మ, "దాని మాట దానిది. ఎల్లండి" అంది. తర్వాత ఊళ్ళో చాలా అనుకున్నారు. పేరంటాలకి పిలవడం మానేశారు. అత్త పట్టించుకోలేదు. ఆ బొట్టు ఆఖరి రోజుదాకా అలాగే ఉంది, మైనం మీద, వంకర లేకుండా.

జనం పోయాక అప్పన్న బురద మూట విప్పాడు. పసుపు పచ్చ చీర, ఎర్ర అంచు. మామ్మ, "బతికున్న మనిసికి పెద్దల సీరేట్రా, గెడ్డ నీల్లలో పారీయండి" అని గోల పెట్టింది. అత్త ఆ చీరని ఒళ్ళో పెట్టుకుని అంచు తడుముతూ కూచుంది.

"ఇన్నేల్లూ నా పేరున ఎట్టిన సీరలు ఎవులు కట్టేరు?" అని అడిగింది.

"మాయమ్మ."

"అన్నీ ఈ రంగేనా?"

"అన్నీ ఇదే రంగు. నువ్వు పెల్లిలో కట్టింది ఇలాటిదని మా అయ్య సెప్పీవోడు."

అత్త మర్నాడు ఆ చీర ఉతికి కట్టుకుంది. మామ్మ చూసి మొహం తిప్పుకుంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. కాలేదు. అప్పన్న వెళ్ళిపోయాక అత్తకి కోపం వచ్చింది. అంబలి గరిటె పెట్టి తిప్పుతూ ఉన్నట్టుండి ఆగిపోయేది. "అడగనైనా అడక్కుండా నమ్మీసినాడు. నాకు ఊరంతా సెప్పింది సచ్చిపోనాడని, నమ్మినానేటి? ఆయన ఒక్క మాటకే నమ్మీసినాడు" అనేది. ఎవరితోనూ కాదు, గరిటెతోనే. పొద్దునపూట సూర్యుడికి దండం పెట్టి ఊరికే నిలబడేది, చెప్పడానికి మాట లేక. తిండి తగ్గింది. రాత్రుళ్ళు నా పక్కన పడుకునే మనిషి గోడవైపు తిరిగి కళ్ళు తెరుచుకుని ఉండేది. వర్షాలు వెనకబట్టాక ఒకనాడు నాన్నతో, "నన్ను ఆవిడ కాడికి తీసుకెల్లు" అంది. నాన్న ఎందుకులే అన్నాడు. "నా సీరలు కట్టిన మనిసిని సూడాల" అంది. ఆ గొంతు విని, ఇద్దరూ కొట్టుకుంటారని మా అమ్మ భయపడింది. అత్తని ఆపలేక, నాన్నతో పాటు తోడుగా నన్నూ పంపించింది.

బస్సు దిగి, అరసవల్లి దారి దాటి కాలనీకి వెళ్ళాం. వరసగా రేకుల ఇళ్ళు, చెట్టన్నది లేదు. అప్పన్న బావ ఎదురొచ్చి ఇంట్లోకి తీసుకెళ్ళాడు. వాళ్ళమ్మ పైడమ్మ పొయ్యి ఊదుతోంది. నెల్లిమర్ల వైపు నుంచి ఎప్పుడో వెళ్ళినవాళ్ళకి రంగంలోనే పుట్టిన మనిషి, సన్నగా, నల్లగా ఉంది. ఒంటిమీద పసుపు పచ్చ చీర, వెలిసిపోయి, ఎర్ర అంచు గులాబీ రంగులోకి దిగిపోయింది. మెడలో సూత్రాల పక్కన విడిగా ఒక చిన్న బిళ్ళ ఉంది. పోయిన మొదటి భార్య పేరున రెండో భార్య కట్టుకునే బిళ్ళ అది. మొగుడు పోయాక సూత్రాలు తీసేసినా, ఆ దారంలో అత్త బిళ్ళ మాత్రం ఉంచుకుందని బావ తర్వాత చెప్పాడు.

నేను పొరపాటు రాశాను. సూత్రాల పక్కన కాదు, అప్పటికే సూత్రాలు లేవు. బిళ్ళ ఒక్కటే ఉంది. అయినా నా కళ్ళకి మాత్రం ఎప్పుడూ రెండూ కలిసే కనిపిస్తాయి.

పైడమ్మ తలెత్తి అత్తని చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కొడుకు చెప్పే ఉంటాడు, అయినా ఆవిడ చూపు ముందు అత్త పాదాల మీదికి పోయింది. దయ్యాల పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కదా.

"తిన్నగానే ఉన్నాయి" అంది అత్త.

పైడమ్మ నేలమీద పడి ఆ పాదాలు పట్టుకుంది. పట్టుకుని, అవి వెచ్చగా ఉన్నాయని తెలిసి, ఇంకా గట్టిగా ఏడ్చింది. అత్త ఆవిణ్ణి లేవదీయలేదు. ఆవిడ తలమీంచి గది మూలకి చూస్తోంది. అక్కడ పసుపు రాసిన పీట, దాని మీద కుంకుమ బొట్లు, ముందు చిన్న దీపం. అది ఎవరి పీటో ఒకరు చెప్పక్కర్లేదు. తన దీపం ముందు తను నిలబడ్డ మనిషి మొహం ఎలా ఉంటుందో నేను చూశాను, చెప్పలేను.

"మొదట నమ్మనేదు అక్కా" అంటోంది పైడమ్మ, అత్త అడక్కుండానే. "కబురు తెచ్చినోడిని కొట్టబోయినాడంట. ఓడకని రేవుకి ఎల్తే ఓడలు ఆగిపోనాయి. తిరిగి తిరిగి పిచ్చోడైపోనాడంట. మా నాయిన తెచ్చి తిండెట్టినాడు. నన్ను సేసుకున్నది శానా ఏల్లకి. సేసుకున్న రోజే నీకు సీరెట్టించినాడు నా సేత."

అత్త అప్పుడు కూచుంది.

"నాకక్కడ ఎవులున్నారక్కా? అన్నీ నీతోనే సెప్పుకునీదాన్ని. ఈడికి జొరమొచ్చినప్పుడు, ఆయన తాగొచ్చినప్పుడు, మమ్మల్ని పొమ్మన్నప్పుడు, ఆయన పోనప్పుడు. రోజూ ఆ దీపం ఎట్టి అన్నీ సెప్పినాను. నువ్వు ఇన్నావనుకున్నాను."

అత్త చెయ్యి చాపి, పైడమ్మ మొహం మీద పడ్డ జుట్టు వెనక్కి తోసింది.

"నాకు ఒక్కటీ ఇనపడనేదే" అంది. "మొదట్నుంచి మల్లీ సెప్పు. ఇంటాను."

ఆ పూట పొయ్యి మీద అన్నం మాడిపోయింది. మధ్యాహ్నం దాటి, బస్సులు వెళ్ళిపోతున్నాయని నాన్న గుమ్మంలోంచి పిలిచినా ఇద్దరూ వినలేదు. ఒకసారి ఏడుపు, ఒకసారి కొట్లాట, "తాగీవోడా? నా కాడున్నప్పుడు ముట్టనేదే!" అని అత్త కోపం, మళ్ళీ ఉన్నట్టుండి ఇద్దరూ పైట కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వడం. వచ్చేముందు అత్త ఆ మూల చూపించి, "నా దీపం తీసీకు. ఆ పీట మీద ఆయన్ని కూసోబెట్టు" అంది. ఆ రాత్రి మా ఇంట్లో అత్త తెల్లవార్లూ ఒళ్ళెరక్కుండా నిద్రపోయింది. మామ్మ భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

తర్వాత వాళ్ళు సగం రోజులు ఇక్కడా సగం రోజులు అక్కడా అక్కచెల్లెళ్ళలా బతికారు. అప్పన్న బావకి పెళ్ళి చేసింది అత్తే. మా ఆయన పోయినప్పుడు నా కూతురు నన్ను ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. మంచి మనిషి. కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఆయన గురించి మాట్లాడండి, పేరు పెట్టి మాట్లాడండి" అంది. నేను ఆయన పేరు చెప్పడానికి నాలుగుసార్లు వెళ్ళాల్సి వచ్చింది. మా అత్తకి ఒక రుబ్బురోలూ, ఒక పంచే, గుప్పెడు గుగ్గిలం సరిపోయాయని అనను. అంత సులువుగా ఏమీ జరగలేదు. పిలవడానికి ఒక చోటు ఉంది, వినడానికి ఒక మనిషి దొరికింది. ఆ రెండూ ఒకేసారి దొరకడం ఇప్పుడైనా అప్పుడైనా అరుదే.

అత్త నిజంగా పోయింది చాలా ఏళ్ళ తర్వాత, పైడమ్మ చేతిలోనే. ఆ యేడు మహాలయ అమావాస్యకి నేను వెళ్ళాను. అంతా సిద్ధం చేశారు. పైడమ్మ కొత్త చీర ఒళ్ళో పెట్టుకుని కూచుంది, పీట మీద పెట్టదు. అప్పన్న బావ రెండుసార్లు పిలిచాడు.

"నా వల్ల కాదురా" అంది ఆవిడ. "ఎరక్క ముందు అన్నేల్లు ఎట్టినాను. ఎరిగినాక ఎలాగ ఎట్టీది?"

బతికుండగా ఆవిడకి చీర పెట్టిన మనిషి, పోయాక పెట్టలేకపోతోంది. బావే వెళ్ళి తల్లి ఒళ్ళోంచి మెల్లిగా చీర తీసి, పసుపు రాసి, పీట మీద పెట్టి, "సూరమ్మ పెద్దమ్మా" అని పిలిచాడు. గుగ్గిలం పొగ మూలంతా కమ్ముకుంది. పైడమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఆ మూలకి కొంచెం జరిగి, పక్కింటికి వినపడని గొంతుతో మొదలుపెట్టింది.

"అక్కా, ఈయేడు వానలు సరిగ్గా నేవు. మన అప్పన్న గుంటడి పెల్లానికి మల్లీ నెల తప్పింది..."